మంగళవారం ఉత్తరం దిక్కు

పోయిన నెల మందుల షాపు అబ్బాయి నాకొక ప్లాస్టిక్ డబ్బా ఇచ్చాడు. అందులో ఏడు గదులు, గదికొక మూత, మూతమీద ఒక ఇంగ్లీషు అక్షరం. “ఆదివారం మాత్రలు ఈడ, సోమవారంవి ఈడ. ఇంగ మరిసిపోయే పనే లేదవ్వా” అన్నాడు. నేను మరిచిపోయేది మాత్రల్ని కాదురా నాయనా, ఈ రోజు ఏ వారమో దాన్ని అని చెబితే నవ్వాడు. ఇంటికొచ్చి ఆ డబ్బాను మంచం పక్కన పెట్టుకుని చాలాసేపు చూస్తూ కూర్చున్నాను. జీవితమంతా పిల్లలకు లెక్కలు చెప్పి రిటైరైన దాన్ని. ఎన్నో లెక్కలు చేశాను, చేయించాను. కానీ ఈ ఏడు పేర్లు ఈ వరసలోనే ఎందుకున్నాయన్న లెక్క చేసినప్పుడు ఒళ్ళు జలదరించినట్టు మళ్ళీ ఏ లెక్కకూ జలదరించలేదు. దాన్ని నేను నేర్చుకున్నది బడిలో కాదు. కుప్పం అవతల ఒక చిన్న ఊళ్ళో, పేడతో అలికిన కళ్లంలో, చింతగింజలు పేర్చి చూపిస్తే నేర్చుకున్నాను.

అప్పటికి నాకు వారాల పేర్లు సరిగ్గా రావు. తొమ్మిదేళ్ళ పిల్లకు వారాల పేర్లు రాకపోవడమేమిటని మీరు అనుకోవచ్చు. మా ఇంట్లో వారాలకు పేర్లు లేవు. మేము పుంగనూరులో ఉండేవాళ్ళం. మా తాత దేవసహాయం మిషన్ బడిలో పంతులు, సాయంత్రాలు చుట్టుపక్కల పల్లెలకు పోయి వాక్యం చెప్పేవాడు. ఆయన ఇంట్లో ఆదివారం ప్రభువు దినం. దాని తర్వాత రెండో దినం, మూడో దినం, అలా ఏడో దినం దాకా. “దేవుడు వెలుగును చేసి మొదటి దినం అన్నాడు, రెండో దినం అన్నాడు. ఆ దినాలకు గ్రహాల పేర్లు పెట్టమని ఎవురికీ సెప్పలేదు” అనేవాడు. మూడో దినం నూనె అయిపోయింది, అయిదో దినం చాకలామె వస్తుంది, ఏడో దినం తలంటు. నేను బడికిపోయి ‘రేపు నాలుగో దినం’ అంటే పిల్లలంతా పగలబడి నవ్వేవాళ్ళు. ఒకసారి ఇంట్లో పొరపాటున ‘సుక్రోరం’ అన్నానని తాత ఆ పూట నన్ను పీట మీదనుంచి లేపి, ప్రార్థన చేయించి, తర్వాతే సంగటి పెట్టించాడు. మనిషి కోపిష్టి కాదు. ఆ ఒక్క విషయంలో మాత్రం ఇనుము.

అవ్వది వేరే ధోరణి. ఆమె పేరు బాప్తీస్మంలో రాహేలమ్మ, పుట్టింట్లో మునెమ్మ. తాత ఎదుట అన్నీ అంకెల్లోనే చెప్పేది. తాత బడికి పోయాక వంటింట్లో రాగిపిండి కలియబెడుతూ, పొగకు కళ్ళు తుడుచుకుంటూ, పక్కింటామెతో మాత్రం, “బేస్తోరం మా కోడి పొదిగింది సూడు” అని హాయిగా మాట్లాడేది. ఆ వంటింటి వాసన ఇప్పటికీ నాకు తెలుసు. అడుగంటిన సంగటి, పచ్చి శనగనూనె, రోట్లో అప్పుడే నూరిన ఎండుమిరప్పండు. యుద్ధం రోజులు కాబట్టి కిరసనాయిలు దొరికేది కాదు. పొద్దు గూకేలోపలే వంట, తిండి, ప్రార్థన అన్నీ ముగిసిపోవాలి. చీకటి పడ్డాక అరుగు మీద పడుకుని అవ్వ చెప్పే కబుర్లు వినడమే. అలాంటి ఒక సాయంత్రమే మా తాతకు వారాల పేర్ల మీద అంత పగ ఎందుకో నాకు చెప్పింది.

మా నాయన పుట్టకముందు అవ్వకు ఒక కొడుకు పుట్టాడట. అప్పటికి వాళ్ళింకా కిరస్తానీ మతంలో కలవలేదు. అవ్వ బిడ్డను తీసుకుని పుట్టింటికి, అంటే కుప్పం అవతలి ఊరికి పోయినప్పుడు బిడ్డకు జ్వరం కాసింది. తాత పరుగున పోయి, బిడ్డను మదనపల్లె ఆసుపత్రికి తీసుకుపోదాం, బండి కట్టమన్నాడు. ఆ రోజు మంగళవారం. మదనపల్లె వాళ్ళకు ఉత్తరాన ఉంది. మా పక్క పెద్దవాళ్ళకు వారశూల అని ఒక పట్టింపు ఉండేది. సోమ, శనివారాలు తూర్పుకు పోకూడదు. మంగళ, బుధవారాలు ఉత్తరానికి, శుక్ర, ఆదివారాలు పడమటికి, బేస్తవారం, అంటే గురువారం, దక్షిణానికి పోకూడదు. పోతే ఎదురుగా శూలం ఉంటుంది, పోయిన పని చెడుతుంది. అవ్వ అన్న చెంగప్ప ఎద్దుల పలుపు పట్టుకుని వదల్లేదట. “బావా, నీ కాల్లు మొక్కుతా. బేస్తోరం తెల్లారుజామునే నేనే తోలుకపోతా. బిడ్డ మేలు కోరే సెప్తాండా” అన్నాడట. బేస్తవారం దాకా బిడ్డ ఆగలేదు. తాత ఆ బిడ్డను ఆ మట్టిలోనే పెట్టి, అవ్వను వెంటబెట్టుకుని ఆ ఊరు వదిలి వచ్చేశాడు. మళ్ళీ ఆ గడప తొక్కలేదు. గ్రహాల పేర్లు నోటితో పలకలేదు.

అవ్వ అన్న కూడా మా గడప తొక్కలేదు. కోపంతో కాదు, ముఖం చెల్లక. ఏటా కళ్లాలు ముగిశాక పుంగనూరు సంతకు వచ్చే ఎవరో ఒకరి బండిలో మాకొక మూట పంపేవాడు. రాగులు, శనగకాయలు, అనపకాయలు. తాత ఆ మూటను తన చేతులతోనే దించి లోపల పెట్టేవాడు, పంపినవాడి పేరు మాత్రం ఎత్తేవాడు కాదు. అవ్వ ఆ రాగులను చేటలో పోసుకుని చెరుగుతూ ఉంటే ఆమె పెదవులు కదిలేవి. అన్నతో మాట్లాడుకునేదో, ప్రార్థన చేసుకునేదో తెలియదు. నాకు మాత్రం ఆ రాగుల సంగటి ఎప్పుడూ రవ్వంత తియ్యగా ఉన్నట్టు అనిపించేది.

అలాంటి అవ్వకు కడుపులో గడ్డ లేచింది. మా నాయన జయరాజు అప్పటికి మదనపల్లెలో ఆసుపత్రి కాంపౌండరు. వారానికొకసారి పుంగనూరు వచ్చేవాడు, వస్తే ఆయన చొక్కా నిండా టింక్చరు వాసన. ఆయనే అవ్వను మదనపల్లె తీసుకుపోయి వార్డులో చేర్చాడు. ఇల్లు తాళం పెట్టి తాతా నేనూ వెంట పోయాం. డాక్టరు దొరసానమ్మ చూసి, కోసి తీయాలి, గురువారం పొద్దున ఆపరేషన్ అంది. మత్తు ఇచ్చాక కొందరు లేవరని కూడా దాచకుండా చెప్పింది. ఆ ఆపరేషన్ నుంచి అవ్వ బయటపడిందనీ, నా పెళ్ళి కూడా చూసిందనీ ఇప్పుడే చెప్పేస్తున్నాను. మీ మనసు దాని మీదనే ఉంటే నేను చెప్పేది తలకెక్కదు. కానీ ఆ రోజు అది ఎవరికీ తెలియదు. ఆ రాత్రి అవ్వ అడిగింది ఒక్కటే. “కోసే దినానికి ముందు మా అన్నను ఒకసారి సూడల్ల. వాడు రాకపోతే నేను కత్తి కిందికి పోను.”

తాత ఏమంటాడోనని నాయన ఆయన ముఖం చూశాడు. తాత తలొంచుకుని, “పొయ్యి పిలుసుకోని రా” అన్నాడు. అది శనివారం. నాయన మరునాడు పొద్దున్నే బయలుదేరతానన్నాడు. దానికి మాత్రం తాత ఒప్పుకోలేదు. ప్రభువు దినం ప్రయాణం ఆయనకు నిషేధం. ఎంత చెప్పినా వినలేదు. అవ్వ మంచం మీదినుంచే, తాత ఎదుటే వారాల పేర్లు ఎత్తి, “మా అన్నకు శూల మంగళోరం, నీకు శూల ఆదోరం. ఇద్దరూ ఇద్దరే, తోడుదొంగలు” అంది. వార్డులో పక్క మంచాల వాళ్ళు కూడా నవ్వారు. తాతకు నవ్వు రాలేదు. నిజానికి ఆదివారమే పోయి ఉంటే కుప్పం తాత, అంటే అవ్వ అన్న చెంగప్ప, సోమవారం మాతోపాటు వచ్చి ఉండేవాడు, సోమవారానికి ఉత్తరం దిక్కు అడ్డం లేదు. ఇద్దరు పెద్దమనుషుల రెండు పట్టింపుల మధ్య ఒక రోజు అలా ఊరికే పోయింది. నన్ను కూడా తీసుకుపొమ్మని అవ్వే చెప్పింది. “పిల్లను సూస్తే వాడు కాదనలేడు.”

సోమవారం చీకటితో బొగ్గుబస్సు ఎక్కాం. పెట్రోలు లేని ఆ రోజుల్లో బస్సు వెనక ఒక డ్రమ్ము కట్టి, అందులో బొగ్గులు మండించి, ఆ గ్యాసుతో నడిపేవాళ్ళు. గుట్ట ఎదురైతే దిగి నడవాలి. పుంగనూరులో మా ఇల్లు తాళం వేసి ఉండటం బస్సులోంచి చూశాను, ఎవరి ఇల్లో అన్నట్టు ఉంది. పలమనేరులో బస్సు మారి, మసి కొట్టుకున్న ముఖాలతో కుప్పం చేరేసరికి పొద్దు వాలుతోంది. అక్కడ దిగగానే నేను నోరు తెరుచుకుని నిలబడిపోయాను. ఒకామె తెలుగులో బేరం చేస్తుంటే కొట్టువాడు అరవంలో జవాబిస్తున్నాడు, పక్కన మూట మోసేవాడు కన్నడంలో తిడుతున్నాడు, ముగ్గురికీ అన్నీ అర్థమవుతున్నాయి. అక్కడినుంచి ఊరికి నడక. చెంగప్ప తాత కళ్లంలో ఉలవలు నూర్పిడి చేయిస్తున్నాడు. పొడుగు మనిషి, తెల్ల మీసాలు, తలపాగా. నాయన “మామా” అని పిలిచేసరికి చేతిలో చేట అలాగే పట్టుకుని నిలబడ్డాడు. నన్ను చూసి, “మునెమ్మ మూతి అట్లే వచ్చిందే” అని ఎత్తుకున్నాడు. ఆయన ఒళ్ళంతా ఉలవ దుమ్ము.

నాయన విషయమంతా చెప్పాడు. విని నన్ను కిందికి దించాడు. “బేస్తోరం తెల్లారుజామున బయలుదేరతాను అబ్బోడా” అన్నాడు.

“బేస్తోరం పొద్దున్నే కోస్తారు మామా. నువ్వు వచ్చే తలికి అంతా అయిపోయుంటాది. అమ్మ నిన్ను సూడకుండా పోనంటాండాది.”

“రేపు మంగళోరం. ఎల్లుండి బుధోరం. రెండు పొద్దులూ ఉత్తరానికి శూల.”

నాయనకు కోపమొచ్చింది. “ఆ శూలే కదా మామా మా అన్నను తినింది!”

కుప్పం అవ్వ, అంటే ఆయన భార్య, కొంగు నోట్లో కుక్కుకుంది. ఆయన మాత్రం గొంతు పెంచలేదు. “ఆ పొద్దు పోవద్దని ఆపి ఒక బిడ్డను సంపితి. ఈ పొద్దు శూలకు ఎదురు పొయ్యి నా సెల్లెల్ని సంపుకోమంటావా? నాకేమన్నా అయితే బాధ లేదురా. దానికి అయితే?” అన్నాడు. అది మొండితనమని అంతవరకూ అందరూ అనుకున్నారు. అది భయమని, చెల్లెలి మీది ప్రేమ వల్ల పుట్టిన భయమని నాకు కూడా అర్థమయింది. ఆ వయసులో అర్థమయ్యేవి కొన్ని ఉంటాయి, ఎవరూ వివరించనక్కర్లేదు.

కళ్లంలో పనివాళ్ళు మళ్ళీ ఉలవ పొట్టు ఎత్తడం మొదలుపెట్టారు. నా ముఖం వాడిపోయి ఉండటం చూసి కుప్పం తాత నన్ను పక్కన కూర్చోబెట్టుకున్నాడు. పడమట అప్పుడే ఒక పెద్ద చుక్క వెలిగింది. “అదేంది సెప్పు” అన్నాడు. చుక్క అన్నాను. “సుక్రుడు. రేపటినుంచి లెక్కపెడితే నాలుగో పొద్దు ఆయప్పదే” అన్నాడు. మా ఇంట్లో వారాలకు పేర్లు లేవని చెప్పాను. ఆయన కళ్ళు తడిశాయి, కారణం ఆయనకు తెలియనిది కాదు కదా. లేచి లోపలికి పోయి గుప్పెడు చింతగింజలు తెచ్చాడు. అలికిన నేలమీద ఏడు గింజలు గుండ్రంగా పెట్టాడు. “మా నాయన నాకూ మీ అవ్వకూ ఈ కళ్లంలోనే నేర్పినాడు. సూడు” అన్నాడు.

“ఇది శనీశ్వరుడు. కుంటోడు, మెల్లగా నడస్తాడు. ఆకాశం ఒక సుట్టు తిరగల్లంటే ముప్పై ఏండ్లు పడతాది. దీని పక్కన గురుడు, ఆయప్పకు పన్నెండేండ్లు. తరవాత అంగారకుడు, అదే మంగళుడు. తరవాత సూర్యుడు, ఏడాది. తరవాత సుక్రుడు, బుధుడు. ఆఖరికి సెంద్రుడు, నెల తిరక్కుండానే సుట్టేస్తాడు. మెల్లగా పొయ్యేటోడు ముందర, బిరబిరా పొయ్యేటోడు ఎనక. ఇది వాండ్ల వరస.”

బడిలో పిల్లలు అనగా విన్న వారాల వరస ఇది కాదే అన్నాను. శని తర్వాత ఆదివారం కదా, మీరు గురుడి పేరు చెప్పారు. “అట్ల అడుగు!” అని తొడ చరిచాడు. “పగలూ రాత్రీ కలిస్తే ఇరవైనాలుగు హోరలు. హోరకు ఒకడు కావిలి. వరసగా వంతులు. పొద్దు పుట్టే తలికి ఎవుని వంతు ఉంటే ఆ దినం వానిది. శనివారం పొద్దున మొదటి హోర శనిది. ఈడినుంచి లెక్కపెట్టు. ఇరవైనాలుగు అయినాక యాడికి వస్తావో సూడు.” నేను గింజ గింజనూ ముట్టుకుంటూ లెక్కపెట్టాను. మూడు చుట్లు తిరిగి, ఇంకో మూడు గింజలకు ఇరవైనాలుగు అయిపోయాయి. మరునాటి పొద్దున మొదటి వంతుకు నా వేలు సూర్యుడి మీద వాలింది. ఆదివారం! మళ్ళీ అక్కడినుంచి ఇరవైనాలుగు. చంద్రుడు. సోమవారం! నాకు గుండె దడదడలాడింది. మళ్ళీ లెక్కపెట్టాను. మంగళుడు. ఎవరూ నా వేలు పట్టుకుని నడిపించడం లేదు, నేనే లెక్కపెడుతున్నాను, అయినా ఒక్కో వారం తన చోట తాను వచ్చి కూర్చుంటోంది. తల ఎత్తి ఆకాశం చూశాను. అక్కడ వెలిగే చుక్కలకూ, మా పుంగనూరు ఇంట్లో తలంటుకూ చాకలామెకూ మధ్య ఒక దారం కట్టి ఉందనీ, అది నా చూపుడువేలికి తగిలిందనీ అనిపించింది. అబ్బా, ఆ క్షణం! అంత వింత నా బతుకులో మళ్ళీ చూడలేదు.

నాయన కూడా కోపం మరిచిపోయి వచ్చి పక్కన గొంతుక్కూర్చున్నాడు. ఇంగ్లీషులో కూడా సండే అంటే సూర్యుడే, మండే అంటే చంద్రుడే, సాటర్‌డే అంటే శనే, మధ్యలో వాటికి వాళ్ళ పాత దేవుళ్ళ పేర్లు పెట్టుకున్నారని దొరసానమ్మ చెప్పిందన్నాడు. మంగళవారానికి వాళ్ళు పెట్టుకున్నది కూడా అంగారకుడిలాంటి యుద్ధం దేవుడి పేరే. పొట్టు ఎత్తుతున్న అరవామె, “ఎంగళుకుం సెవ్వాయ్ దాన్” అంది, మాకు కూడా సెవ్వాయే అని, సెవ్వాయ్ అంటే మంగళుడి ఎర్రచుక్కే. కుప్పం తాత ఆశ్చర్యంతో ముక్కుమీద వేలేసుకున్నాడు. “దొరలకు కూడానా? సముద్రం అవతల గూడా ఈ పొద్దు సోమవారమేనా?” సోమవారమే అని నాయన చెప్పాడు. ఎవరు మొదలుపెట్టారు ఈ లెక్క అని నేనడిగితే, “మా నాయనకు వాళ్ళ నాయన సెప్పినాడు. ఆపైన ఎవురికి తెలుసు పాపా” అన్నాడు. పెద్దయ్యాక చదివాను. చాలా పాత శాసనాల్లో తిథులే ఉంటాయట, వారాలుండవట. ఈ ఏడుగురూ పడమటి దేశాల చుక్కల లెక్కలతో కలిసి, ఎవరెవరో ఓడలవాళ్ళ వెంట మన దగ్గరికి వచ్చారని అంటారు. రాజ్యాలు పోయాయి, దేవుళ్ళు మారారు, ఆ వంతు మాత్రం ఒక్కరోజు తప్పకుండా చేతులు మారుతూ ఒక కుప్పం రైతు గుప్పిట్లోకి వచ్చింది. ఇప్పుడు మా ఇంట్లో పిల్లలు ఏ వారమో తెలియాలంటే ఫోను చూస్తారు. ఫోను చెప్పేది నిజమే, తప్పులేదు. కానీ దాన్ని చూసినప్పుడు వాళ్ళ గుండె దడదడలాడదు. పాపం, వాళ్ళకెవరూ గింజలు పేర్చి చూపించలేదు మరి.

ఆ సంబరంలో నేను ఆగలేదు. మంగళవారం నుంచి బుధవారానికి గట్టిగా పేర్లు చెబుతూ లెక్కపెట్టడం మొదలుపెట్టాను. “మంగళుడు, సూర్యుడు, సుక్రుడు, బుధుడు, సెంద్రుడు, శని, గురుడు...” నా వేలు గురుడి గింజ మీద ఉండగా కుప్పం తాత చేయి వచ్చి నా చేతిని అక్కడే అదిమిపట్టింది. “ఎన్నో హోర అది?” అన్నాడు. ఏడోది అన్నాను. “పొద్దు నెత్తిమీదికి వచ్చే యాళ” అని గొణిగాడు. చెయ్యి తీసి, లేచి, చెరువుగట్టు వైపు ఒక్కడే పోయాడు. నేనేదో తప్పు లెక్కపెట్టానేమోనని భయపడ్డాను. కుప్పం అవ్వ దుప్పటి పరుస్తూ, “ఉన్నట్టుండి ఏమాయనో ఈయప్పకు. సంగటి గూడా ముట్టలేదు” అంది.

మంగళవారం పొద్దున్నే నాయనా నేనూ ఇద్దరమే తిరుగుబస్సు ఎక్కాం. నాయనకు ఆసుపత్రిలో సెలవు లేదు. కుప్పం తాత బస్సు దాకా కూడా రాలేదు. రాత్రికి మదనపల్లె చేరాం. ఫినాయిలు వాసన కొట్టే వార్డులో అవ్వ తలుపు వైపే తిరిగి పడుకుని ఉంది. మా వెనక ఎవరూ లేరని చూసి ముఖం గోడకు తిప్పుకుంది. “రాడులే. నేను ఎరుగుదును” అంది, అంతే. ఆ పూట గంజి తాగలేదు. బుధవారం పొద్దున నర్సు వచ్చి రేపటికి సిద్ధం చేయాలంటే, “నేను ఒప్పుకోలేదు కదమ్మా” అంది. తాత బతిమాలాడు, నాయన బతిమాలాడు. వాక్యం చదివి వినిపించాడు తాత. అవ్వ వింది, ఆమేన్ కూడా అంది, కానీ ఒప్పుకోలేదు. అప్పుడు మా తాత వరండాలోకి వచ్చి స్తంభానికి ఆనుకుని నిలబడటం చూశాను. అంత పెద్దమనిషి, ఎన్ని పల్లెల్లో ఎంతమందికి ధైర్యం చెప్పినవాడు, చేతిలోని బైబిలును మూస్తూ తెరుస్తూ ఉన్నాడు. ఆదివారం ప్రయాణం ఆపింది తానే కదా. ఆ మాట ఎవరూ అనలేదు గానీ ఆయన చెవుల్లో అదే మోగుతూ ఉండాలి.

మధ్యాహ్నానికి గేటు దగ్గర తలపాగా కనిపించింది. భుజాన చిన్న మూట, కాళ్ళకు మోకాళ్ళదాకా దుమ్ము. నేను “కుప్పం తాతా!” అని అరుస్తూ పరిగెత్తాను. మా తాత స్తంభాన్ని వదిలి రెండడుగులు వేసి ఆగిపోయాడు. ముప్పై ఏళ్ళకు పైగా చూసుకోని బావాబామ్మర్దులు ఎదురెదురుగా నిలబడ్డారు. తాత నోట మొదట వచ్చిన మాట పలకరింపు కాదు. “ఈ యాళకు ఈడుండావంటే నిన్ననే బయలుదేరినావా? నిన్న మంగళవారం కదప్పా చెంగప్పా!”

ఆయన నోటినుంచి ఆ వారం పేరూ, ఆ మనిషి పేరూ వినడం నాకు అదే మొదటిసారి. ఆయనకు తెలియకుండానే వచ్చేశాయి.

“మంగళవారమే బావా. పొద్దు నెత్తిమీదికి వచ్చినాక కదిల్నా. రాత్రికి పుంగనూరు దాకా బస్సు దొరికె. మీ ఇల్లు బీగం ఏసుండె. మీ అరుగు మీదనే పడుకుంటి” అన్నాడు. తొక్కనని ఒట్టు పెట్టుకున్నట్టు ఇన్నేళ్ళు తొక్కని ఇంటి అరుగు మీద ఆ మనిషి ఒక్కడే పడుకున్నాడు. పక్కింటామె చెంబుతో నీళ్ళు ఇచ్చిందట. తాత ఆయన భుజం మీది మూట అందుకుని, “లోపలికి పా. అది నీకోసమే సూస్తాండాది” అన్నాడు.

అవ్వ అన్నను చూసి లేవబోయింది, చేతకాలేదు. ఆయన మంచం పక్కన నేలమీద కూర్చున్నాడు. ఆమె ఆయన ముఖమంతా చేత్తో తడిమి, “ముసిలోడివై పోతివి కదన్నా” అంది. ఆయన నవ్వలేదు. చెప్పాల్సింది ఒకటి గొంతులో పెట్టుకుని అంత దూరం వచ్చినట్టున్నాడు. తలుపు దగ్గర తాత ఉన్నాడని చూసి, ఆయనకు కూడా వినపడేటట్టే చెప్పాడు.

“సెల్లీ, నాయన నేర్పిన హోరల లెక్క గురుతుండాదా? మంచి హోరలో కదిల్తే శూల తగలదని కూడా ఆయనే సెప్తా ఉండె. మొన్న ఈ పాప సింతగింజల మీద మంగళోరం లెక్కపెడతా ఉంటే సూస్తిని. మంగళోరంలో గూడా మంచిదైన గురుని హోర ఒకటి ఉండాది. నడిపొద్దు యాళకు. నిన్న ఆ హోరలోనే కదిల్నా. కానీ సెల్లీ, ఆ పొద్దు కూడా మంగళోరమే. ఆ పొద్దు కూడా నడిపొద్దుకు గురుని హోర వచ్చింటాది. బండి కట్టుంటే సిన్నోడు... నాకు లెక్క తెలుసు. అంతా తెలుసు. ఆ పొద్దు పలుపు పట్టుకోని నిలబడితినే గానీ లెక్కపెట్టలేదు. బిడ్డను శూల సంపలేదు సెల్లీ, నేను సంపితిని.”

తలుపు దగ్గర తాత కళ్ళు మూసుకున్నాడు. అవ్వ మాత్రం అదిరిపడలేదు. అన్న చేతిని తన చేతుల్లోకి తీసుకుంది.

“నాకు తెలుసన్నా.”

“ఏం తెలుసు?”

“ఆ హోర సంగతి. బిడ్డను మట్టిలో పెట్టినాక, మీ ఇంట్లో మూలన పడుకోని, సేతి ఏళ్ళమీద లెక్కపెట్టుకుంటి. నాయన నాకూ నేర్పినాడు కదా. అది ఆ పొద్దే తెలుసు నాకు.”

కుప్పం తాత నోరు తెరుచుకుని ఆమెనే చూశాడు. “ఇన్నేండ్లూ తెలుసా? మరి ఏల సెప్పలేదు? బావకైనా ఏల సెప్పలేదు?”

“సెప్పుంటే నువ్వు బతికుండేవాడివా?” అంది అవ్వ.

నేను మంచం పట్టె పట్టుకుని నిలబడి ఉన్నాను. రెండు రోజుల కిందట ఆకాశాన్ని చూసి ఎంత ఆశ్చర్యపోయానో, చింకిపాతలా ఆ మంచం మీద పడుకున్న మా అవ్వను చూసి అంతకు పదింతలు ఆశ్చర్యపోయాను. అన్న ఏడుస్తుంటే ఆమె ఆయన తలపాగా విప్పి పక్కన పెట్టింది. దుమ్ముకొట్టుకున్న ఆ తెల్లజుట్టును వేళ్ళతో దులుపుతూ, గుమ్మంలో ఉన్న తాత వైపు తిరిగి, “నర్సమ్మతో సెప్పిరా, రేపు కోసుకోమని. వచ్చేటప్పుడు మా అన్నకు రవంత అన్నం ఏమన్నా దొరుకుతాదేమో సూడు. నిన్నటినుంచి ఏం తిన్నాడో ఏమో” అంది.